గ్లైడర్లకు తప్పనిసరి భద్రతా ఆదేశాలు: ఎవరు జారీ చేస్తారు, ఎలా అమలవుతాయి

ఇంజన్ లేకుండా, పైకి లేచే వేడిగాలిని ఆధారం చేసుకుని గంటల తరబడి గగనంలో నిలవగల విమానం గ్లైడర్. ఇంజన్ లేదు కనుక దాని నిర్వహణ సులభమని, దానికి వర్తించే నిబంధనలు కూడా స్వల్పమని ఒక అభిప్రాయం ఉంది. మొదటి మాటలో కొంత నిజం ఉంది. రెండవది పొరపాటు. ఒక నమూనాకు చెందిన గ్లైడర్‌లో ప్రమాదకరమైన లోపం బయటపడి, అదే నమూనాకు చెందిన ఇతర గ్లైడర్లలోనూ ఆ లోపం ఉండే లేదా తలెత్తే అవకాశం ఉందని తేలినప్పుడు విమానయాన నియంత్రణ సంస్థ ఒక ఉత్తర్వు వెలువరిస్తుంది. దానిని ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్ అంటారు. హ్యాంగర్లలో పనిచేసేవారు 'ఏడీ' అనే పొట్టి పేరుతోనే వ్యవహరిస్తారు. అందులో చెప్పిన తనిఖీ, మరమ్మతు లేదా మార్పు నిర్ణీత గడువులోగా జరగనిదే ఆ గ్లైడర్ చట్టబద్ధంగా ఎగరడానికి వీలులేదు. మూడు వందల మంది ప్రయాణించే జెట్ విమానానికి వచ్చిన ఆదేశానికీ, ఇద్దరు మాత్రమే కూర్చునే గ్లైడర్‌కు వచ్చిన ఆదేశానికీ ఈ విషయంలో తేడా లేదు.

తయారీదారు జారీ చేసే సర్వీస్ బులెటిన్ లేదా టెక్నికల్ నోట్ వేరు, ఏడీ వేరు. మొదటిది యంత్రాన్ని రూపొందించినవారి సూచన. దానిని నియంత్రణ సంస్థ తన ఆదేశంలో చేర్చుకున్న క్షణం నుంచి అది సూచన కాదు, చట్టం. ఆచరణలో అధిక భాగం ఏడీలు ఇలాగే పుడతాయి: చేయవలసిన పని వివరాలు తయారీదారు పత్రంలో ఉంటాయి, చేయక తప్పదన్న మాట ప్రభుత్వం నుంచి వస్తుంది.

బ్లానిక్ ఉదంతం

ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో, ఎంత కఠినంగా ఉండగలదో తెలుసుకోవడానికి ఎల్-13 బ్లానిక్ చరిత్రను మించిన ఉదాహరణ లేదు. నాటి చెకోస్లొవేకియాలోని కునోవిచె పట్టణంలో లెట్ సంస్థ తయారుచేసిన ఈ రెండు సీట్ల లోహపు గ్లైడర్ 1956లో తొలిసారి ఎగిరింది. దృఢమైనది, శిక్షణకు అనువైనది కావడంతో వేల సంఖ్యలో తయారై అనేక దేశాల క్లబ్బులకు చేరింది. కొన్ని తరాల పైలట్లు దానిపైనే ఓనమాలు దిద్దుకున్నారు.

2010 జూన్ 12న ఆస్ట్రియాలోని ఫెర్లాఖ్ సమీపంలో ఒక ఎల్-13 గ్లైడర్ రెక్క గాలిలోనే విడిపోయింది. అందులోని ఇద్దరూ మరణించారు. రెక్క లోపల వెన్నెముక వలె సాగే ప్రధాన దూలాన్ని స్పార్ అంటారు. అది రెక్క మొదలు భాగంలో, అంటే కాయానికి అతికే చోటుకు దగ్గరలో తెగినట్లు గుర్తించారు. దీనికి కారణం లోహపు అలసట. ఇనుప తీగను ఒక్కసారి వంచితే తెగదు, అదే చోట పదే పదే వంచితే తెగుతుంది. ప్రతి ఎగురుదలలోనూ రెక్క కొంత పైకి వంగి తిరిగి కిందికి వస్తుంది. ఏళ్ల తరబడి సాగే ఈ కదలికలో రివెట్ రంధ్రాల వంటి చోట్ల కంటికి కనిపించనంత సన్నని పగులు మొదలై క్రమంగా పెరుగుతుంది.

ప్రమాదం జరిగి వారం తిరగకముందే ఐరోపా సంఘ విమానయాన భద్రతా సంస్థ అత్యవసర ఆదేశం జారీ చేసింది. స్పార్‌ను తనిఖీ చేయాలన్నది అందులోని ప్రధానాంశం. అయితే తనిఖీ ఒక్కటే ప్రమాదాన్ని నివారించలేదని కొద్ది వారాల్లోనే తేలింది. దాంతో తదుపరి ఆదేశాలు మరింత ముందుకు వెళ్లి, ఆమోదిత పరిష్కారం లభించేవరకు ఎల్-13లు ఎగరడాన్నే నిషేధించాయి. అమెరికా ఫెడరల్ విమానయాన యంత్రాంగం కూడా అదే ఏడాది నిషేధం విధించింది. ఒకే ఒక్క శిక్షణ గ్లైడర్‌తో నడుస్తున్న చిన్న క్లబ్బులకు అది తలుపులు మూసుకోవడంతో సమానమయింది. వాటి గ్లైడర్లలో పగులు ఉన్నట్లు ఎవరూ చూడలేదు. లేదని నమ్మకంగా చెప్పగల పద్ధతి కూడా అప్పటికి అందుబాటులో లేదు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న తేడాయే ఏడీలకు పునాది. లోపం ఉందని రుజువు కావడం వేరు, లేదని రుజువు చేయలేకపోవడం వేరు. విమానయానంలో రెండవది చాలు, యంత్రాన్ని నేలపై నిలపడానికి.

బ్లానిక్ విషయంలో మరొక పాఠం కూడా ఉంది. ఒక గ్లైడర్ ఎన్ని గంటలు ఎగిరిందన్న లెక్క ఒక్కటే దాని స్పార్ వయసును చెప్పదు. విన్యాసాలు ఎన్ని చేశారు, ఇద్దరు కూర్చుని ఎన్నిసార్లు ఎగిరారు, నేల మీది విన్చ్ తాడుతో ఎన్నిసార్లు పైకి లాగారు, మరో విమానం వెనుక ఎన్నిసార్లు లేచారు అనే వివరాలన్నీ రెక్కపై పడిన భారాన్ని నిర్ణయిస్తాయి. తయారీదారు ఇచ్చే ఆయుర్దాయపు అంకె ఈ వాడుక మిశ్రమం ఇలా ఉంటుందన్న ఊహపై ఆధారపడినది. వాస్తవ వాడుక ఆ ఊహకు భిన్నంగా ఉండి, లాగ్‌బుక్కులో ఆ వివరాలు లేకపోతే, మిగిలిన ఆయువు ఎంతో ఎవరూ చెప్పలేరు.

రూపకల్పన దేశం, నమోదు దేశం

1944 డిసెంబరు 7న సంతకాలైన షికాగో ఒప్పందానికి అనుబంధాలు ఉన్నాయి. వాటిలో ఎనిమిదవది విమానాల ఎగిరే యోగ్యతకు సంబంధించినది. దాని ప్రకారం ఒక యంత్రాన్ని రూపొందించిన దేశానిది ఒక బాధ్యత, దానిని తన రిజిస్టరులో నమోదు చేసుకున్న దేశానిది మరొక బాధ్యత. లోపం తెలిసినప్పుడు ఆ సమాచారాన్ని తప్పనిసరి స్వభావంతో ప్రపంచానికి తెలపవలసింది మొదటి దేశం. దానిని స్వీకరించి, తన గడ్డపై అమలు చేయించవలసింది రెండవ దేశం. అమలులో ఎదురైన అనుభవాన్ని, కొత్తగా కనిపించిన లోపాలను తిరిగి మొదటి దేశానికి నివేదించడం కూడా రెండవ దేశం పనే.

భారతదేశంలో ఈ బాధ్యత పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌ది, అంటే డీజీసీఏది. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఎగిరే యోగ్యతకు సంబంధించిన వివరణాత్మక నియమాలు డీజీసీఏ రూపొందించిన పౌర విమానయాన అవసరాల రెండవ విభాగంలో, సీఏఆర్-ఎం అనే నియమావళిలో ఉన్నాయి. వర్తించే ప్రతి ఏడీని, డీజీసీఏ వేరుగా చెప్పని పక్షంలో, అందులోని షరతుల ప్రకారమే పూర్తిచేయాలని సీఏఆర్-ఎం స్పష్టం చేస్తుంది. అందువల్ల జర్మనీలో తయారైన గ్లైడర్ పుణె సమీపంలోని హడప్సర్‌లో ఎగురుతుంటే, ఐరోపా సంస్థ కొలోన్ నగరం నుంచి వెలువరించే ఆదేశం హడప్సర్ హ్యాంగర్‌కూ వర్తిస్తుంది. ఆ హడప్సర్ గ్లైడింగ్ కేంద్రాన్ని నడిపేది కూడా డీజీసీఏయే కావడం ఆసక్తికరం. నియమం పెట్టే సంస్థే అక్కడ ఆ నియమాన్ని పాటించవలసిన నిర్వాహక సంస్థ.

అశ్విని నుంచి ఆర్ద్ర దాకా

ఎల్లప్పుడూ విదేశీ ఆదేశాల కోసం ఎదురుచూసిన చరిత్ర కాదు మనది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ విమానాశ్రయంలోని పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రం స్వయంగా గ్లైడర్లను రూపొందించింది. 1958లో అశ్విని, 1961లో రోహిణి, 1963లో కార్తీక్, 1970లో మృగశిర, 1979లో ఆర్ద్ర తొలిసారి ఎగిరాయి. భరణి కూడా ఈ వరుసలోనిదే. కార్తెలను బట్టి విత్తనం వేసే తెలుగు రైతుకు ఈ పేర్ల వరుస వేరే చెప్పనక్కరలేదు. రోహిణి రెండు సీట్ల శిక్షణ గ్లైడర్. అందులో శిక్షకుడు, విద్యార్థి పక్కపక్కనే కూర్చుంటారు.

ఈ నమూనాల విషయంలో రూపకల్పన దేశం భారతదేశమే. రెక్కలో లోపం కనిపిస్తే ప్రపంచానికి చెప్పవలసిన గొంతు మనదే. ఒక నమూనాను రూపొందించిన బృందం విడిపోయినా, తయారీ ఆగిపోయినా, తయారైన గ్లైడర్లు మిగిలే ఉంటాయి. వాటి లోపాలను విశ్లేషించేవారు, విడిభాగాల పటాలు భద్రపరిచేవారు, మరమ్మతు విధానాన్ని ఆమోదించేవారు లేకపోతే ఆ గ్లైడర్ అనాథ అవుతుంది. ఐరోపా నియమావళి ఇటువంటి యంత్రాలను నిజంగానే అనాథ విమానాలు అనే పేరుతో వ్యవహరిస్తుంది. వాటి విషయంలో అవసరమైన భద్రతా నిర్ణయాలను ఐరోపా సంస్థే నేరుగా తీసుకుంటుంది.

ఆ తరం గ్లైడర్లు ప్రధానంగా చెక్కతో తయారైనవి. చెక్క గ్లైడర్‌కు మొదటి శత్రువు తేమ. పాత గ్లైడర్లలో పాల నుంచి తీసే కేసీన్ జిగురును వాడేవారు. తేమ తగిలితే అది బూజు పట్టి పట్టు కోల్పోతుంది. బయటి గుడ్డ, రంగు చెక్కుచెదరకుండా ఉన్నా లోపలి అతుకు ఊడి ఉండవచ్చు. అందుకే చెక్క గ్లైడర్ల తనిఖీలో రెక్క అడుగున నీరు కారిపోవడానికి ఉంచిన చిన్న రంధ్రాలు పూడిపోయాయా అన్న ప్రశ్నకు అంత ప్రాధాన్యం. తీర ప్రాంతాల వానకాలంలో ఆ ప్రశ్న మరింత బరువైనది.

ఆదేశాన్ని చదవడం

ఏడీ ఒకటి రెండు పేజీల పత్రం. ఐరోపా సంస్థ ఇచ్చే సంఖ్యలో మొదట సంవత్సరం, తరువాత నాలుగు అంకెలు ఉంటాయి. చివర 'ఇ' అక్షరం ఉంటే అత్యవసరం, 'ఆర్-1' అని ఉంటే ఒకసారి సవరించినది. ఏ నమూనాకు, ఏ వరుస సంఖ్యలకు వర్తిస్తుంది, కారణమేమిటి, ఎప్పటి నుంచి అమలు, ఏమి చేయాలి, ఎంత గడువులోగా చేయాలి అన్నవి అందులో ప్రధాన భాగాలు. కారణం అన్న భాగం సాధారణంగా అయిదారు పంక్తులకు మించదు. ఎక్కడో ఒక కుటుంబానికి ఎదురైన విషాదం ఆ పంక్తుల్లో 'ఒక సంఘటన నివేదించబడింది' అన్న కర్మణి వాక్యంగా మారుతుంది. పొడిగా కనిపించినా, ఆ వాక్యం నింద మోపడానికి రాసినది కాదు. లోపాన్ని నిర్వచించడానికి రాసినది.

భాషా దృష్టితో చూస్తే అసలు కిటుకు గడువు భాగంలో ఉంది. '25 గంటల లోగా లేదా 3 నెలల లోగా, ఏది ముందైతే అది' అన్న తరహా వాక్యంలో చివరి మూడు మాటలు జారిపోతే అర్థం తలకిందులవుతుంది. తక్కువగా ఎగిరే క్లబ్బు గ్లైడర్‌కు 25 గంటలు పూర్తి కావడానికి ఏడాది పట్టవచ్చు. నెలల గడువు మాత్రం ఆగదు. అత్యవసర ఆదేశాల్లో తరచుగా కనిపించే గడువు 'ఇకపై ఎగరడానికి ముందు' అన్నది. దీనిని 'తదుపరి ప్రయాణానికి ముందు' అని తెలుగు చేస్తే ప్రమాదం. ప్రయాణికులు లేని పరీక్షా ఎగురుదలకు మినహాయింపు ఉందేమోనన్న అపోహ కలుగుతుంది. నిజానికి ఆ మాట నేల విడిచే ప్రతి సందర్భానికీ వర్తిస్తుంది. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప మరమ్మతు కేంద్రానికి ఎగిరి వెళ్లడం కూడా కుదరదు.

అలాగే అమెరికా ఆదేశాల్లో సరిచూడటం, తనిఖీ చేయడం అన్న రెండు మాటలు పర్యాయపదాలు కావు. మొదటిదానిని ఆదేశం అనుమతిస్తే పైలట్ చేయవచ్చు. రెండవది అర్హత గల మెకానిక్ చేయవలసినది. వాడుక తెలుగులో రెండింటికీ 'చెకింగ్' అనే మాటే సరిపెడతాం. హ్యాంగర్‌లో అలా సరిపెట్టుకుంటే సంతకం చేయవలసిన వ్యక్తి మారిపోతాడు.

కొన్ని ఆదేశాలు ఒక్కసారితో ముగుస్తాయి. కొన్ని మళ్లీ మళ్లీ తనిఖీ కోరతాయి. ఆ పునరావృతం ఎప్పటితో ఆగుతుందో కూడా ఆదేశమే చెబుతుంది. సాధారణంగా బలపరిచిన కొత్త భాగాన్ని అమర్చిన తరువాత. ఆదేశంలో చెప్పిన పద్ధతికి బదులు మరో పద్ధతిలో అంతే భద్రత సాధించవచ్చని యజమాని భావిస్తే నియంత్రణ సంస్థ ముందస్తు ఆమోదం తీసుకోవాలి. సొంత తెలివితో చేసిన మరమ్మతు ఎంత గట్టిదైనా, ఆమోదం లేకపోతే ఆదేశాన్ని పాటించనట్లే లెక్క.

విప్పి కూర్చే యంత్రం

గ్లైడర్‌కు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది. మిగిలిన విమానాల వలె కాకుండా దాని రెక్కలు, తోక భాగాన్ని విప్పి, ట్రైలర్‌లో పెట్టి రోడ్డు మీద తీసుకువెళ్తారు. ఎగరవేసే చోట మళ్లీ కూరుస్తారు. అంటే పైలట్ చేతి కడ్డీ నుంచి రెక్క చివరి ఐలరాన్ వరకు, తోకలోని ఎలివేటర్ వరకు వెళ్లే సంబంధాలు పదేపదే విడిపోయి పదేపదే కలుస్తుంటాయి. అనేక ఐరోపా గ్లైడర్లలో వీటికి లోటెలియే అనే బంతి-గిన్నె తరహా కలపరాన్ని వాడారు. స్ప్రింగు బలంతో ఒక చిన్న మేకు లోపలికి వెళ్లి బంతిని పట్టి ఉంచుతుంది. పట్టు సరిగా కుదరకపోయినా చూడటానికి కుదిరినట్లే ఉండవచ్చు. ఇలా సంబంధం ఊడిపోయి జరిగిన ప్రమాదాల తరువాత, ఆ మేకుకు అదనంగా పిన్నుతోనో, తొడుగుతోనో భద్రత కల్పించడాన్ని జర్మనీ విమానయాన అధికారులు తప్పనిసరి చేశారు. వేలెడంత పిన్ను అది. దాని ఖరీదు దాదాపు శూన్యం.

కూర్చిన తరువాత ఒకరు రెక్క చివర ఐలరాన్‌ను చేత్తో పట్టుకుని అడ్డగించగా, మరొకరు కాక్‌పిట్‌లో కడ్డీని కదిపి చూడటం క్లబ్బులన్నింటిలో నిత్యకృత్యం. ఖాళీగా కదిలితే సంబంధం లేకపోయినా తెలియదు, అడ్డగిస్తేనే తెలుస్తుంది.

గాజునార గ్లైడర్ల సంగతి వేరు. 1957లో జర్మనీలో తొలిసారి ఎగిరిన ఫీనిక్స్‌తో మొదలై ఈ పదార్థం గ్లైడర్ల నిర్మాణాన్నే మార్చివేసింది. లోహం వలె అలసిపోదు కానీ ఎండకు లొంగుతుంది. రెసిన్ వేడెక్కితే బలం తగ్గుతుంది. బల పరీక్షలకు సాధారణంగా 54 డిగ్రీల సెల్సియస్‌ను ప్రామాణికంగా తీసుకుంటారు. గ్లైడర్లన్నీ తెల్లగా ఉండటానికి కారణం అందం కాదు, ఇదే. రోహిణి కార్తె ఎండలో కప్పు లేకుండా నిలిపిన గ్లైడర్ పైపూత సన్నగా చిట్లడం మొదలవుతుంది. ఈ తరం గ్లైడర్లలో అనేక నమూనాలకు 3,000 గంటల వద్ద, తరువాత 6,000, 9,000 గంటల వద్ద విస్తృత తనిఖీ జరిపి, ఫలితాన్ని బట్టి ఆయువును పొడిగించే పద్ధతి స్థిరపడింది.

సంతకం ఎక్కడ ఉండాలి

తెలుగు రాష్ట్రాల నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికులకు సంత్రాగాఛి పరిచితమైన జంక్షన్. హౌరా జిల్లాలోని ఆ స్టేషన్‌ను ఆనుకుని ఆగ్నేయ రైల్వేకు పెట్టెల నిర్వహణ డిపో ఉంది. అక్కడ నిలిచిన ఏ పెట్టె చివరి గోడను చూసినా, దానికి సమగ్ర మరమ్మతు ఎక్కడ జరిగింది, మళ్లీ ఎప్పుడు జరగాలి అన్న వివరం రంగుతో రాసి కనిపిస్తుంది. గడువు దాటిందో లేదో ప్లాట్‌ఫారం మీది ప్రయాణికుడు కూడా చదవగలడు. రైల్వేలో యజమాని, నడిపేవారు, మరమ్మతు చేసేవారు ఒకే సంస్థ. భద్రతను పర్యవేక్షించే రైల్వే భద్రతా కమిషన్‌ను మాత్రం ప్రభుత్వం పౌర విమానయాన మంత్రిత్వ శాఖ పరిధిలో ఉంచింది.

గ్లైడర్ మీద అటువంటి రాత ఏదీ ఉండదు. దాని చరిత్ర మొత్తం లాగ్‌బుక్కులోనే ఉంటుంది. ఏ ఏడీ వర్తిస్తుంది, ఏ తేదీన, ఎన్ని గంటల వద్ద, ఏ పద్ధతిలో పూర్తయింది, తదుపరి తనిఖీ ఎప్పుడు, విడుదల సంతకం ఎవరిది అన్న వివరాలు వరుసగా నమోదు కావాలి. వర్తించదనుకున్న ఆదేశానికి కూడా, వరుస సంఖ్య పరిధిలో లేదనో, ఆ భాగం అమర్చలేదనో కారణం రాయడం మంచి నిర్వాహకుల అలవాటు. చేతులు మారిన గ్లైడర్‌ను కొనేవారు మొదట చూడవలసింది రెక్కల నునుపును కాదు, ఈ జాబితాను.

ఐరోపాలో 2020 మార్చి నుంచి తేలికపాటి విమానాలకు పార్ట్-ఎంఎల్ అనే సరళ నియమావళి అమలులోకి వచ్చింది. పైలట్-యజమాని తన గ్లైడర్ నిర్వహణ ప్రణాళికను తానే ప్రకటించుకోవచ్చు. పరిమితమైన పనులను తానే చేసి సంతకం పెట్టుకోవచ్చు. తయారీదారు సిఫారసుల నుంచి కొంతవరకు పక్కకు తొలగవచ్చు. ఏడీల నుంచి మాత్రం తొలగడానికి వీలులేదు.

బ్లానిక్‌కు కొంతకాలం తరువాత స్పార్‌ను బలపరిచే మార్పులు ఆమోదం పొందాయి. వాటిని చేయించుకున్న గ్లైడర్లు తిరిగి గాలిలోకి లేచాయి. మార్పుకు అయ్యే ఖర్చు పాత గ్లైడర్ ధరతో పోటీపడే చోట యజమానులు ముందుకు రాలేదు. ఆ గ్లైడర్ల లాగ్‌బుక్కుల్లో చివరి పద్దు 2010 నాటిదే.